మానే గాయాలు... మానని గాయాలు

ఈసారి ఊరెళ్లినప్పుడు చెరువు గట్టు మీది ఈత చెట్టును కాస్త పరిశీలనగా చూడండి. మొదలు నుంచి తల దాకా కుడికో గాటు, ఎడమకో గాటు... ఎవరో మెట్లు చెక్కినట్టు ఉంటుంది. గీత కార్మికుడు ఒకసారి ఒక వైపు గీస్తే మళ్లీసారి రెండో వైపుకు మారతాడు. అందుకే పాత ఈత చెట్టు నిటారుగా కాకుండా వంకర్లు తిరిగి కనిపిస్తుంది. ఆ గాట్లు లెక్కపెడితే చాలు, దాన్ని ఎన్నిసార్లు గీతకు పెట్టారో చెప్పేయొచ్చు. తాతల కాలం నాటి గాటు అయినా సరే... నల్లబడుతుంది, ఎండుతుంది. పూడదు!

దాని పక్కనే ఓ వేప చెట్టు ఉంటుంది. ఎవరో ఎప్పుడో సరదాకి గొడ్డలితో ఓ వేటు వేసి ఉంటారు. అది మాత్రం అంచుల నుంచి పెదవుల్లా ఉబ్బి, ఏటికేడాది దగ్గరకొచ్చి, చివరకు మూసుకుపోతుంది. రోడ్డు పక్కన చెట్లకు మేకులు కొట్టి తగిలించిన ఇనుప బోర్డులను చెట్టే సగం మింగేసిన దృశ్యం మీరూ చూసే ఉంటారు.

అదే నేల, అదే నీరు, అదే ఎండ. మరి ఒకదాని గాయం మాని, రెండోదాని గాయం ఎందుకు మానలేదు? జవాబు మన పిల్లల తొమ్మిదో తరగతి పుస్తకంలోనే ఉంది. కణజాలాలు! విభాజ్య కణజాలం, మృదు కణజాలం, స్థూలకోణ కణజాలం, దృఢ కణజాలం... అని పిల్లలు ఊగుతూ బట్టీపట్టే పాఠం. పరీక్ష అవగానే మర్చిపోయే పాఠం కూడా. పాపం వాళ్ల తప్పేం లేదు. ఆ పేర్లు చూస్తే పెద్దవాళ్లకే గుండె జారుతుంది. కానీ ఏ గాయం మానుతుంది, ఏది మానదు అన్న ప్రశ్న చేత్తో పట్టుకుని అదే పాఠం చదివితే కథ వేరేలా ఉంటుంది.

నేతగాళ్ల మాట

ఇంగ్లీషులో కణజాలాన్ని టిష్యూ అంటారు. టిష్యూ పేపర్ సరే, పెళ్లిళ్లలో మెరిసిపోయే టిష్యూ చీర కూడా అదే మాట. ఫ్రెంచి భాషలో 'నేసినది' అని అర్థం. ఒకే రకం పోగులు కలిసి బట్ట అయినట్టు, ఒకే పని చేసే కణాలు కలిసి ఓ కణజాలం అవుతాయి. మొక్కల లోపలి నిర్మాణం అల్లిన లేసులా ఉందని ఇంగ్లండుకు చెందిన నెహెమయా గ్రూ 1682లోనే రాశాడు. ఆ మాటను మన ఒంటికి స్థిరపరచింది మాత్రం ఫ్రెంచి వైద్యుడు జేవియర్ బిషా.

బిషా కథ చిత్రమైనది. ఆయన సూక్ష్మదర్శినిని నమ్మేవాడు కాదు. కత్తితో కోయడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం, ఆమ్లంలో నానబెట్టడం... ఇవే ఆయన పద్ధతులు. ఒకే శీతాకాలంలో ఆరువందల శవాలను పరీక్షించాడని చెబుతారు. అలా మనిషి శరీరం 21 రకాల 'నేతల'తో తయారైందని తేల్చాడు. జబ్బు అవయవానికి కాదు, అందులోని ఫలానా నేతకు వస్తుందన్నది ఆయన వాదన. గుండె మీద పొర, ఊపిరితిత్తుల మీద పొర ఒకే రకంవైతే రెండూ ఒకేలా జబ్బు పడతాయి కదా అన్నాడు. ఇంత చేసి, ఆస్పత్రి మెట్ల మీద పడి, జ్వరం బారినపడి 1802లో చనిపోయాడు. అప్పటికి ఆయనకు 31 కూడా నిండలేదు.

బెరడు కింద పచ్చపొర

మళ్లీ వేప చెట్టు దగ్గరకొద్దాం. పచ్చి కొమ్మ బెరడును గోటితో గీరితే కింద తడితడిగా, జిగటగా ఓ పొర తగులుతుంది. చెట్టు ప్రాణమంతా అక్కడే. కొత్త కణాలను పుట్టించే విభాజ్య కణజాలం అదే చోట సన్నటి పొరగా ఉంటుంది. అది లోపలి వైపుకు దారువును, అంటే వేళ్ల నుంచి నీటిని పైకి మోసే గొట్టాలను తయారుచేస్తుంది. వెలుపలి వైపుకు పోషక కణజాలాన్ని తయారుచేస్తుంది. ఆకుల్లో వండిన తీపిని కిందికి మోసేది ఇదే. గాటు పడినప్పుడు అంచుల్లోని ఈ పొరే చకచకా కణాలను పుట్టించి గాయం మీదికి నడిపిస్తుంది.

ఇక్కడో తమాషా ఉంది. నీటిని మోసే దారునాళాలు పనిచేయాలంటే ముందు అవి చావాలి! లోపలి సరుకంతా ఖాళీ అయి, గోడలు మాత్రమే మిగిలితేనే అది గొట్టం అవుతుంది. చెట్టు ముదిరే కొద్దీ మధ్యలో ఉన్న గొట్టాలు పూడిపోయి, రంగు, వాసన పట్టి గట్టిపడతాయి. దాన్నే మనవాళ్లు చేవ అంటారు. చేవ అంటే మనకు బలం, సత్తా. చెట్టుకు మాత్రం అది బతికున్న భాగం కాదు. అందుకే పెద్ద తొర్ర పడి నడుం లోపల ఖాళీ అయిపోయిన చింత చెట్టు కూడా నిక్షేపంగా కాయలు కాస్తుంది. శేషాచలం కొండల్లో ఎర్రచందనం దొంగలు ప్రాణాలకు తెగించి కొట్టేది కూడా ఈ చేవ కోసమే. చచ్చిన కణాల కోసం బతికున్న చెట్టును నరకడం!

అదే బెరడును మాను చుట్టూ గాజులా వలిచేశారనుకోండి. లోపల చేవంతా చెక్కుచెదరకుండా ఉన్నా చెట్టు చస్తుంది. ఆకుల నుంచి తిండి వేళ్లకు చేరే దారి తెగిపోయింది కాబట్టి. వద్దనుకున్న చెట్టును గొడ్డలి శ్రమ లేకుండా చంపడానికి రైతులు చేసే పని ఇదే. పిల్లలు ఆటకు బెరడు వలుస్తుంటే వారించడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఈ పచ్చపొర ఉన్నందుకే బంగినపల్లి అంటు కట్టగలుగుతున్నాం. నాటు మామిడి మొక్క పొర, బంగినపల్లి పుల్ల పొర ఒకదానికొకటి తగిలేలా చెక్కి, జతచేసి, కట్టు కడతారు. రెండు పొరలూ ఒకటై కలిసి పెరుగుతాయి. పొరలు తప్పి పక్కకు జరిగాయో, అంటు ఎండిపోతుంది. నర్సరీ పనివాడి చేతిలో ఉన్న నేర్పు అంతా ఆ సన్నటి గీత దగ్గర పొరపాటు చేయకపోవడమే.

మరి కొబ్బరికి, తాటికి, ఈతకు ఎందుకు అంటు కట్టరు? వాటికి ఆ పొరే లేదు కాబట్టి!

మొవ్వు పోతే అంతే

తాటి జాతి చెట్లన్నింటికీ కొత్త కణాలు పుట్టే అసలైన చోటు ఒక్కటే. తల మీది మొవ్వు. కింద మాను లోపల దారువు, పోషక కణజాలం చిన్నచిన్న కట్టలుగా, పీచుల మధ్య చెల్లాచెదురుగా ఉంటాయి. కొబ్బరి దుంగను అడ్డంగా కోస్తే చుక్కలు చుక్కలుగా కనిపించేవి అవే. ఒకసారి తయారైన కట్టకు బదులు కొత్త కట్ట రాదు. అందుకే ఈత చెట్టు గాటు పూడదు. అందుకే కొబ్బరి మాను ఏటేటా వలయాలు వేసుకుంటూ లావెక్కదు.

మోకు, ముస్తాదుతో చెట్టెక్కే గీత కార్మికుడికి ఈ పాఠం ఎవరూ చెప్పలేదు. కానీ ఎంత లోతు గీయాలో అతడి చేతికి తెలుసు. పైపైన గీస్తే కల్లు రాదు. అతడికి కావలసింది ఆకుల నుంచి దిగే ఆ తీపి రసమే మరి! లోతుగా దిగితే మొవ్వుకు దెబ్బ. మొవ్వు పోయిందా, ఇక ఎన్ని నీళ్లు పోసినా ఆ చెట్టు చిగురించదు. కొబ్బరికి మొవ్వుకుళ్లు వచ్చిందంటే రైతు హడలిపోయేది అందుకే. 1996 నవంబరు తుపాను కోనసీమను, 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానాన్ని కుదిపేసినప్పుడు తలలు విరిగిన కొబ్బరి చెట్లు స్తంభాల్లా మిగిలిపోయాయి. వేపో చింతో అయితే మోడు మీద మళ్లీ చివురు వేసేది. కొబ్బరి రైతు మాత్రం మొక్క నాటి మళ్లీ ఏళ్లకేళ్లు ఎదురు చూడాలి.

మర్రిది ఇంకో తీరు. దానికి ఎక్కడ పడితే అక్కడ వేరు పుట్టించే శక్తి ఉంది. ఊడ నేలకు దిగి మానవుతుంది. అసలు మాను పోయినా చెట్టు పోదు. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి, మందు చుక్కలు చుక్కలుగా చెట్టులోకి ఎక్కించారు. ఆ ఫొటోలు పేపర్లలో చూసి నవ్వుకున్నవాళ్లున్నారు. కానీ పనిచేసింది చెట్టు సొంత నాళాలే. మనిషికి సెలైన్ నరంలోకి ఎక్కించినట్టే దీనికీ.

తాటి చెట్టును చూసి జాలిపడక్కర్లేదు. 2012లో టామ్లిన్‌సన్, హగెట్ అనే వృక్షశాస్త్రవేత్తలు తాటి జాతి మీద ఓ విశేషం రాశారు. కణాలను మార్చుకునే వీల్లేదు కాబట్టి ఆ చెట్లు ఉన్నవాటినే చెట్టు బతికినంత కాలం బతికిస్తాయట. వేప ఏటా కొత్త గొట్టాలు వేసుకుంటుంది. తాటి చెట్టు మీ ముత్తాత నాడు పుట్టిన కణంతోనే ఇవాళ కూడా రసం మోస్తుంది. మార్చుకోవడం ఒక పద్ధతి. కాపాడుకోవడం ఇంకో పద్ధతి.

మన ఒంట్లో ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి.

ఒంట్లో వేపలు, తాళ్లు

పాఠం ప్రకారం జంతువుల్లో కణజాలాలు నాలుగు రకాలు. పైనా లోపలా కప్పి ఉంచే ఉపకళా కణజాలం, అన్నింటినీ కలిపి పట్టి ఉంచే సంయోజక కణజాలం, కండరం, నాడి. ఎముక, కొవ్వు, ఆఖరుకు నెత్తురు కూడా సంయోజక కణజాలమేనంటే మొదట ఎవరికైనా విడ్డూరంగానే ఉంటుంది. పాయా చారు చల్లారాక గిన్నెలో గడ్డకట్టి జిగురులా వణుకుతుందే... అది ఆ సంయోజక కణజాలంలోని కొలాజెన్ ఉడికి కరిగి వచ్చిందే.

కప్పి ఉంచే పొరలన్నీ వేప జాతి. చర్మం పైపొర నెల రోజులకు అటూఇటూగా మొత్తం మారిపోతుంది. పేగు లోపలి పొర మూడు నుంచి అయిదు రోజులకే! నెత్తుటిలోని ఎర్ర కణం 120 రోజులు తిరిగి సెలవు తీసుకుంటుంది. కాలేయం సంగతి తెలిసిందే. తండ్రి కోసం కొడుకు సగానికి పైగా కోసి ఇచ్చినా ఇద్దరిలోనూ కొన్ని నెలల్లో దాదాపు మామూలు పరిమాణానికి పెరుగుతుంది. అయితే ఏళ్ల తరబడి తాగుడుతో గాయపడే కాలేయానికి ఆ ఓపిక ఉండదు. కణాల బదులు మచ్చలు పెరిగి గట్టిపడుతుంది.

ఎముక కూడా అతుకుతుంది. మన దగ్గర ఎముక విరిగిందంటే పుత్తూరు కట్టు గుర్తుకు రావలసిందే. ఆ కట్టు అయినా, పెద్దాస్పత్రి సిమెంటు కట్టు అయినా, లోపల వేసే స్టీలు రాడ్డు అయినా చేసేది ఒకటే పని. ముక్కలను సరైన వరసలో కదలకుండా పట్టి ఉంచడం. అతికించేది ఎముకే. ముందు నెత్తురు గడ్డకడుతుంది. దాని చోట మెత్తని పదార్థం చేరుతుంది. ఆ తర్వాత అది ఎముకగా మారుతుంది. చివరన, ఎక్కువైనదాన్ని శరీరమే చెక్కి నున్నగా చేస్తుంది. వరస తప్పి అతికితే మాత్రం చెయ్యి జీవితాంతం వంకరే. కాబట్టి ఎవరి దగ్గరకు వెళ్లినా ఎక్స్-రే తీయించకుండా కట్టు కట్టించుకోవద్దు. చర్మం చీరుకుని ఎముక బయటకొస్తే నేరుగా ఆస్పత్రికే.

ఆ ఎముక చివరనే ఉన్న మృదులాస్థి మాత్రం తాటి జాతి. 'మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది' అని పెద్దవాళ్లు అనేది దీని గురించే. అది గుజ్జు కాదు, నున్నటి గట్టి పొర. దానికి రక్తనాళాలు లేవు. చుట్టూ ఉన్న ద్రవం నుంచి ఊరిన తిండితోనే బతుకుతుంది. నెత్తురు చేరని చోటికి మరమ్మతు సామగ్రి ఎలా చేరుతుంది? పైగా దానికి నరాలు కూడా లేవు. కాబట్టి అరుగుతున్నంతసేపూ చెప్పదు, అరిగి కింది ఎముక తగిలాకే నొప్పి. 'గుజ్జు మళ్లీ పెరుగుతుంది' అంటూ అమ్మే పొడులు, నూనెలు బోలెడు. తిరిగి పుట్టిస్తుందని నిరూపణ అయిన మందు ఇప్పటి దాకా లేదు. డబ్బు దండగ.

నరాల్లోనూ తేడా ఉంది. చేతుల్లో కాళ్లలో తెగిన నరాన్ని కుడితే అందులోని పోగులు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పాకుతాయి. మోచేయి దగ్గర కొడవలి తెగి నరం పోయిందనుకోండి. వేలి కొస దాకా సుమారు 40 సెంటీమీటర్లు. అంటే 400 రోజులు! 'ఆపరేషనై ఆరు నెలలైంది, వేళ్లకింకా స్పర్శ లేదు' అని డాక్టర్ మీద విసుక్కునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. వెన్నుపాములో మాత్రం ఈ పాకడం కూడా జరగదు. అందుకే రోడ్డు ప్రమాదంలో మెడకో నడుముకో దెబ్బ తగిలినవాళ్లను ఆటోలోకి కుక్కకూడదనేది.

'గ్యాసేమోలే...'

గుండె కండరం ఎంత మారుతుందో కనిపెట్టడానికి స్వీడన్ శాస్త్రవేత్తలు అణుబాంబులను వాడుకున్నారు. కంగారు పడకండి, పేల్చలేదు! 1950లు, 60లలో దేశాలు పోటీపడి చేసిన అణు పరీక్షల వల్ల గాలిలో ఒక రకం కార్బన్ పెరిగి, ఆ తర్వాత క్రమంగా తగ్గింది. తిండి ద్వారా అది మన కణాల్లో చేరింది. కణంలో అది ఎంతుందో చూస్తే ఆ కణం ఏ సంవత్సరంలో పుట్టిందో లెక్కకట్టొచ్చు. 2009లో వెల్లడైన ఆ ఫలితం ఇదీ. పాతికేళ్ల వయసులో గుండె కండర కణాలు ఏడాదికి ఒక శాతం మారతాయి. డెబ్బై అయిదేళ్లకు అది 0.45 శాతానికి పడిపోతుంది. అంటే మనతో పుట్టిన కణాల్లో సగానికి పైగా మనతోనే పోతాయి. గుండె అచ్చంగా తాటి చెట్టు.

గుండెపోటు వచ్చి నెత్తురు ఆగితే అరగంట అయ్యేసరికి కండరం చావడం మొదలవుతుంది. గంట గడిచే కొద్దీ చచ్చే మేర పెరుగుతుంది. పోయిన కండరం చోట కొలాజెన్ మచ్చ వచ్చి చేరుతుంది. మచ్చ చిరగకుండా పట్టి ఉంచుతుందే గానీ ముడుచుకోదు, నెత్తురును తోయదు. ఈత చెట్టు గాటే!

మన ఇళ్లలో జరిగేదేమిటి? నడిరాత్రి ఛాతీలో బరువు, చెమటలు. 'రాత్రి పెసరట్టు తిన్నాగా, గ్యాసేమోలే' అంటారు. ఓ సోడా తాగుతారు. తెల్లారాక చూద్దామంటారు. ఎవరినీ నిద్ర లేపడం ఇష్టం లేక మంచం మీద కూర్చునే పెద్దాయన ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. ఆయన అలా కూర్చున్న ప్రతి గంటా మళ్లీ పుట్టని కండరం ఖర్చవుతూ ఉంటుంది. గ్యాసో కాదో తేల్చాల్సింది ఈసీజీ, సోడా కాదు. 108కి ఫోన్ చేయండి. గ్యాసే అని తేలితే నవ్వుకుంటూ ఇంటికి రావొచ్చు.

సున్నం డబ్బా

ఇక కన్ను. నల్లగుడ్డు మీదుండే గాజులాంటి కార్నియాకు పైన ఓ సన్నటి ఉపకళా పొర ఉంటుంది. వారం పది రోజుల్లో మారిపోయే పొర. ఆ కొత్త కణాలు పుట్టేది ఎక్కడంటే... నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచు దగ్గర. కంటికి మొవ్వు అదే అనుకోండి.

తాంబూలం పళ్లెంలో, బడ్డీకొట్లో దొరికే సున్నం ట్యూబును పిల్లలు ఆడుతూ గట్టిగా నొక్కుతారు. మూత ఎగిరి సున్నం కంట్లో పడుతుంది. మన దేశంలో పిల్లల కళ్లు రసాయనాలతో కాలిపోవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. సున్నం క్షారం. ఆమ్లం పైపైన కాల్చి ఆగితే, క్షారం లోపలికి దిగుతూ పోతుంది. అంచులోని ఆ మూలకణాలు చచ్చిపోతే తెల్లగుడ్డు మీది చర్మం నెత్తుటి నాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకి చూపును కప్పేస్తుంది. అప్పుడు దాత ఇచ్చిన కొత్త కార్నియా కుట్టినా నిలవదు. పైపొర వేసే కణాలు లేవుగా!

కంట్లో సున్నం పడితే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా ధారగా మంచినీళ్లు పోస్తూ కనీసం అరగంట కడగాలి. రెప్పల కింద ఇరుక్కున్న సున్నపు పలుకులు పోవాలి. చనుబాలు, నెయ్యి, ఆముదం... ఏదీ వేయొద్దు. నీళ్లు పోశాకే ఆస్పత్రి.

ఒక కన్ను ఇలా పోయినవాళ్ల కోసం హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రిలో ఓ చికిత్స రూపుదిద్దుకుంది. అక్కడ 2001 నుంచే కంటి మూలకణాలను ల్యాబులో పెంచి అతికిస్తూ వచ్చారు. ఆ ల్యాబు ఖర్చు కూడా అక్కర్లేని పద్ధతిని డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం 2012లో ప్రకటించింది. బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల చదరపు ముక్క తీస్తారు. బియ్యపు గింజలో సగం కూడా ఉండదు. దాన్ని ఎనిమిది, పది తునకలు చేస్తారు. కాలిన కంటి మీద పేరుకున్న పొరను తొలగించి, ఉమ్మనీటి సంచి పొరను పరుస్తారు. సిజేరియన్ అయిన తల్లులు దానంగా ఇచ్చే పొర అది. దాని మీద ఆ తునకలను నారుమడిలో నాటినట్టు దూరందూరంగా జిగురుతో అంటిస్తారు. రోజులు గడిచే కొద్దీ ఒక్కో తునక చుట్టూ కణాలు పాకి ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. లోతుగా కాలినవాళ్లకు ఆ తర్వాత కార్నియా కూడా మార్చాల్సి రావొచ్చు. ఈసారి అది నిలుస్తుంది, పైపొర ఉంది కాబట్టి.

ముక్క ఇచ్చిన మంచి కన్ను సంగతేమిటంటారా? అక్కడ కుట్లు కూడా వేయరు. చుట్టుపక్కల కణాలు పాకి కొద్ది రోజుల్లో ఆ చోటు దానంతటదే పూడిపోతుంది.